కట్టె కాలింది, గుర్రం నిలిచింది

అమెరికాలోని మినియాపోలిస్‌లో వాకర్ ఆర్ట్ సెంటర్ వాళ్ళ శిల్పాల తోట ఉంది. కొన్నేళ్ళ కిందట ఒక చలికాలం అక్కడ నేను ‘వుడ్రో’ని చూశాను. వుడ్రో ఒక గుర్రం. వాగు ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఎండు కొమ్మల్ని ఎవరో ఓపిగ్గా ఏరి, ఒకదానిలో ఒకటి ఇరికించి నిలబెట్టినట్టు ఉంటుంది దూరం నుంచి. మెడ దగ్గర వంపు తిరిగిన కొమ్మ. వీపు వెంట పొడుగాటి కర్ర. కాళ్ళకి పుల్లలు. మధ్యలో చాలాచోట్ల ఖాళీయే, అందులోంచి అవతలి చెట్లు కనిపిస్తాయి.

పల్లెటూళ్ళో పెరిగినవాణ్ణి కాబట్టి నాకొచ్చిన మొదటి ఆలోచన ఒకటే: ఇలా ఆరుబయట వదిలేస్తే చెదలు పట్టదా, నాలుగు వానలకి పుచ్చిపోదా?

దగ్గరికెళ్ళి ఒక కొమ్మ చివర వేలు పెట్టాను. బెరడు మీది గీతలు వేలికి తెలుస్తున్నాయి. కొమ్మ విరిగినచోట పీచు లేచినట్టుంది. కానీ చేతికి తగిలింది మాత్రం తెల్లవారుజామున ఇనుప గొళ్ళెం ముట్టుకున్నప్పటి చలి. అది కట్టె కాదు, కంచు.

ఆ రోజు నుంచి వుడ్రోని చేసిన అమెరికన్ శిల్పి డెబొరా బటర్‌ఫీల్డ్ గుర్రాలు నన్ను వదల్లేదు. వీటి గురించి మాట్లాడేవాళ్ళు ఎక్కువగా మూడు మాటలు వాడతారు: నేల, ఆధ్యాత్మికత, ర్యాంచ్ జీవితం. మూడూ నిజమే. కానీ ఆ మాటలు విన్నాక కూడా గుర్రం అర్థం కాదు, ఎందుకంటే ఆ మూడూ శిల్పంలో బొమ్మలుగా కనిపించవు. గుర్రం పక్కన కొండ ఉండదు, దేవుడి గుర్తు ఉండదు, టోపీ పెట్టుకున్న కౌబాయ్ ఉండడు. మరి ఎక్కడున్నాయి? తయారుచేసిన పద్ధతిలో ఉన్నాయని నా నమ్మకం. అందుకే ఈ వ్యాసంలో పోత పని గురించి కాస్త ఎక్కువే రాస్తాను.

ముందు మనిషి గురించి. బటర్‌ఫీల్డ్ 1949 మే 7న కాలిఫోర్నియాలోని శాన్ డియాగోలో పుట్టారు. అమెరికాలో అందరికంటే పేరున్న గుర్రప్పందెం, కెంటకీ డెర్బీ, 75వ సారి జరిగింది కూడా సరిగ్గా ఆ రోజే. ఆవిడ గురించి రాసేవాళ్ళు ఈ ముచ్చట వదలరు, నేనూ వదల్లేకపోయాను. చిన్నప్పటి నుంచి గుర్రాల పిచ్చి. పశువైద్యం చదువుదామని కూడా అనుకున్నారు. చివరికి డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో కళ చదివి 1972లో బీఏ, 1973లో ఎంఎఫ్ఏ పూర్తి చేశారు. రాబర్ట్ ఆర్నెసన్, మాన్యువల్ నేరి, విలియం వైలీ లాంటి పేరున్న కళాకారులు అప్పుడు అక్కడ పాఠాలు చెప్పేవారు. తర్వాత తోటి శిల్పి జాన్ బక్‌ని పెళ్ళి చేసుకున్నారు. 1970ల చివర్లో ఇద్దరూ మోంటానా రాష్ట్రంలోని బోజ్‌మన్ ప్రాంతానికి వెళ్ళి, ఊరి బయట ర్యాంచ్‌లో స్థిరపడ్డారు. ఏడాదిలో కొంతకాలం హవాయి దీవుల్లో ఉంటారు.

ర్యాంచ్ అంటే మన పొలంలా ఊహించుకోకూడదు. అది పంట పండించే చోటు కంటే పశువుల్నీ గుర్రాల్నీ మేపే చోటు. మోంటానా విస్తీర్ణం దాదాపు 3.8 లక్షల చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపినా దానికంటే చిన్నవే. 2020 జనాభా లెక్కల్లో అక్కడి మనుషులు 11 లక్షలు కూడా లేరు. పశువులు మనుషుల కంటే ఎక్కువ. నెలల తరబడి మంచు. ఆ మంచులోనూ రోజూ పొద్దున్నే లేచి గడ్డి వెయ్యాలి, నీళ్ళ తొట్టిలో గడ్డకట్టిన మంచు పగలగొట్టాలి, గిట్టలు చూడాలి, కంచె ఎక్కడ తెగిందో చూసుకోవాలి. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని మనవాళ్ళు అన్నది ఊరికే కాదు. జంతువుని పెంచేవాడికి సెలవు ఉండదు. బటర్‌ఫీల్డ్ గుర్రాల్ని అర్థం చేసుకోవాలంటే ఈ రోజువారీ చాకిరీని గుర్తుంచుకోవాలి. ఆవిడకి గుర్రం ఒక ‘థీమ్’ కాదు. పొద్దున్న మేత వేసిన చేతులే మధ్యాహ్నం శిల్పం చేస్తాయి.

అయితే మొదటి గుర్రం మోంటానాలో పుట్టలేదు, డేవిస్‌లో చదువుకునే రోజుల్లోనే పుట్టింది. దాని వెనక వియత్నాం యుద్ధం ఉంది.

శిల్పకళలో గుర్రానికి రెండువేల ఏళ్ళకి పైబడిన చరిత్ర ఉంది, ఆ చరిత్ర నిండా యుద్ధాలే. రోమ్‌లో మార్కస్ ఆరీలియస్ చక్రవర్తి కంచు గుర్రం మీద కూర్చుని చెయ్యి చాపి ఉంటాడు. ఇటలీలోనే పాదువాలో డొనాటెల్లో 1453లో ముగించిన గత్తమెలాత విగ్రహం ఒక సేనాపతిది. మన ఊళ్ళలోనూ అంతే కదా, కూడలిలో గుర్రం విగ్రహం అంటే పైన కత్తి దూసిన వీరుడు ఉండాల్సిందే. ఈ విగ్రహాలన్నిట్లో గుర్రం పని ఒకటే, పైనున్న మనిషిని ఎత్తుగా చూపించడం. గుర్రం తీసేస్తే వీరుడు తగ్గిపోతాడు. వీరుణ్ణి తీసేస్తే గుర్రం వైపు ఎవరూ చూడరు.

బటర్‌ఫీల్డ్ ఆ వీరుణ్ణి తీసేశారు. కింద మిగిలినది మగగుర్రం కాదు, ఆడగుర్రం. పెద్దది, బలమైనది, కానీ యుద్ధానికి పనికొచ్చే బలం కాదు. పిల్లని మోసి, పాలిచ్చి పెంచే బలం. దేశం యుద్ధంలో ఉన్న రోజుల్లో ఆవిడ ఎంచుకున్న నిరసన రూపం అది. అంతే కాదు, ఆ గుర్రం తనే అని కూడా చెప్పుకున్నారు. తన ముఖం చెక్కకుండా తన బొమ్మ తాను చేసుకోవడానికి దొరికిన దారి అది. ఒక ఆడపిల్ల ‘ఇది నేను’ అని చెప్పడానికి తన ఒంటి కంటే పెద్దదైన గుర్రాన్ని నిలబెట్టడం నాకు ఎంతో ధైర్యంగా అనిపిస్తుంది.

ఆ తొలి గుర్రాలు ఇనుప చట్రం మీద ప్లాస్టర్‌తో చేసినవి. నునుపుగా, అచ్చం గుర్రాల్లా ఉండేవి. మోంటానా వెళ్ళాక ఆ నునుపు పోయింది.

బోజ్‌మన్ ఉన్న లోయ పేరు గాలటిన్. అదే పేరుతో ఒక నది. అది మరో రెండు నదుల్ని కలుసుకున్నచోట మిసోరీ మొదలవుతుంది. వసంతంలో కొండల మీది మంచు కరిగి వాగులు పొంగుతాయి. నీళ్ళు తీసేసరికి ఒడ్డున కొమ్మలు, వేళ్ళు, బురద కలిసి గుట్టలుగా చిక్కుకుని ఉంటాయి. కృష్ణా గోదావరి వరదలు చూసినవాళ్ళకి ఆ గుట్టలు ఎలా ఉంటాయో చెప్పనక్కర్లేదు. బటర్‌ఫీల్డ్ ఆ పుల్లలూ ఆ బురదే తీసుకుని గుర్రాలు చెయ్యడం మొదలుపెట్టారు. అప్పటిదాకా గుర్రం వేరు, అది నిలబడ్డ నేల వేరు. ఇప్పుడు నేలే లేచి గుర్రమైంది. కొన్ని నిలబడ్డవి, కొన్ని పడుకున్నవి. పడుకున్నదాన్ని దూరం నుంచి చూస్తే బురద దిబ్బో గుర్రమో తేల్చుకోవడం కష్టం. 1979లో న్యూయార్క్ విట్నీ మ్యూజియం రెండేళ్ళకోసారి జరిపే ప్రదర్శనకి ఎంపికయ్యేసరికి ఆవిడకి ఇంకా ముప్ఫై నిండలేదు.

నేల అన్న మాటకి ఇక్కడ అసలైన అర్థం దొరుకుతుంది. నేలని చూసి స్ఫూర్తి పొందడం ఒక పద్ధతి. చాలామంది చేసేది అదే: కొండని చూసి కొండ బొమ్మ వేస్తారు. బటర్‌ఫీల్డ్ చేసింది నేలని చేతిలోకి తీసుకోవడం.

తర్వాత పాత ఇనుము వచ్చింది. ఏ ర్యాంచ్ వెనక చూసినా ఒక చెత్తకుప్ప ఉంటుంది. తుప్పు పట్టిన రేకులు, విరిగిన పనిముట్ల ముక్కలు, ముళ్ళ కంచె చుట్టలు, పాత వాహనాల తలుపులు. ఊరికి దూరంగా బతికేవాళ్ళు ఏదీ పారెయ్యరు, ఎప్పుడో అవసరం పడుతుందని ఉంచుతారు. ఆ కుప్పే 1980ల నుంచి ఆవిడకి బజారు. రంగు వెలిసిన రేకు అలాగే వెలిసినట్టే గుర్రం డొక్క మీదికి వచ్చింది, మళ్ళీ రంగు వెయ్యలేదు. సొట్ట పడ్డచోటు పడ్డట్టే ఉండిపోయింది. ముళ్ళ కంచె అయితే నాకు మరీ లోతుగా తగులుతుంది. 1874లో ఇల్లినాయిస్ రైతు జోసెఫ్ గ్లిడెన్ దానికి పేటెంట్ తీసుకున్నాక హద్దుల్లేని గడ్డిమైదానాలు కొన్నేళ్ళలోనే ముక్కలైపోయాయి. పశువుల్ని ఆపడానికి పుట్టిన తీగ గుర్రం ఒంట్లో కలిసిపోయింది.

ఇక కంచు సంగతి.

పుల్లల గుర్రం బయట నిలవదు. నేను మొదట భయపడ్డది నిజమే, వానకి పుచ్చిపోతుంది. మ్యూజియంల తోటల్లో, ఆరుబయట నిలబెట్టాలంటే కట్టె పనికిరాదు. 1980ల నడుమ నుంచి ఆవిడ వాషింగ్టన్ రాష్ట్రంలోని వాలా వాలా ఫౌండ్రీతో, అంటే లోహం పోత పోసే కార్ఖానాతో, కలిసి పని చెయ్యడం మొదలుపెట్టారు. వుడ్రో 1988 నాటిది, ఆ తొలి కంచు గుర్రాల్లో ఒకటి.

పద్ధతి ఇలా సాగుతుంది. గుర్రం ఎత్తు, నిలబడే తీరు తేలాక లోపల ఒక సాదా చట్రం నిలబెడతారు. గుర్రం ఎముకలు అనుకోండి. దాని మీద ఆవిడ నిజమైన కొమ్మల్ని ఒక్కొక్కటిగా పెట్టి తీగతో కడతారు. నచ్చకపోతే విప్పి ఇంకోటి వెతుకుతారు. ఈ వెతుకులాటలోనే ఎక్కువ సమయం పోతుంది. మెడ వంపుకి సరిపోయే వంపు ఏదో చెట్టు ఎక్కడో ముందే వంగి ఉంచాలి కదా. గుర్రం కుదిరాక అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీస్తారు. తర్వాత మొత్తం విప్పేస్తారు.

విప్పిన ఒక్కో కొమ్మకీ కరిగిన లోహం లోపలికి పోయే దారి, గాలి బయటికి పోయే దారి అమరుస్తారు. చుట్టూ వేడిని తట్టుకునే ముద్దతో పొరలు పొరలుగా అచ్చు కడతారు. ఆ ముద్ద ఎంత మెత్తగా ఉంటుందంటే బెరడు మీది ప్రతి గీతలోకీ దూరి ఆ గీతని పట్టుకుంటుంది. ఆరాక అచ్చుని కొలిమిలో పెడతారు. లోపలున్న కొమ్మ కాలిపోతుంది. మామూలుగా విగ్రహాలు పోసేటప్పుడు లోపల మైనం ఉంటుంది, అది కరిగి కారిపోతుంది. ఇక్కడ కర్రే కాలి బూడిదవుతుంది. ఆ బూడిదని పూర్తిగా తీసేయాలి. ఒక మూల కొంచెం మిగిలినా కంచు అక్కడికి చేరదు, పోత పాడవుతుంది. అప్పుడు ఆ కొమ్మ లేదు, ఫొటోలో తప్ప ఎక్కడా లేదు. దాని ఆకారంలో ఉన్న చీకటి మాత్రం అచ్చులో ఉంది. ఆ చీకట్లోకి దాదాపు 1,100 డిగ్రీల వేడి మీదున్న కంచు పోస్తారు.

చల్లారాక అచ్చు పగలగొడితే కంచు కొమ్మ బయటికొస్తుంది. ఇలా గుర్రంలో ఎన్ని కొమ్మలుంటే అన్నిసార్లు. తర్వాత ఫొటోలు చూసుకుంటూ అన్నిట్నీ మళ్ళీ వెల్డింగ్‌తో అతకాలి. ఇక్కడ ఒక చిక్కు. కంచు చల్లారేటప్పుడు వందకి ఒకటిన్నర నుంచి రెండు వంతుల దాకా కుంచించుకుపోతుంది. కర్రలో సరిపోయిన కీలు కంచులో కాస్త తేడాగా కూర్చుంటుంది. అందుకని ఈ కూర్పు యంత్రం పని కాదు, మళ్ళీ శిల్పం పనే. ఆఖరికి టార్చితో వేడిచేస్తూ రసాయనాలు పూస్తారు. ఇనుము కలిసిన లవణాలు గోధుమ, ఎరుపు ఛాయలిస్తాయి. రాగి లవణాలు ఆకుపచ్చనిస్తాయి. పొర మీద పొరగా బూజు తెలుపు, బెరడు గోధుమ, ఎండిన కర్ర బూడిదరంగు వచ్చేదాకా ఆ పని సాగుతుంది. నన్ను వుడ్రో దగ్గర బోల్తా కొట్టించింది ఈ రంగులే.

కర్ర కాలిపోయింది, అచ్చు పగిలిపోయింది. అదే గుర్రాన్ని ఇంకోటి పొయ్యడం ఎవరికీ సాధ్యం కాదు. మామూలు కంచు శిల్పాలకి ఇది పూర్తిగా ఎదురు. ఫ్రెడరిక్ రెమింగ్టన్ 1895లో చేసిన ‘బ్రాంకో బస్టర్’, అంటే లొంగని గుర్రం మీద ఊగుతున్న కౌబాయ్ బొమ్మ, వందల ప్రతులుగా అమ్ముడైంది. అందులో ఒకటి అమెరికా అధ్యక్షుడి కార్యాలయంలో చాలా ఏళ్ళు ఉంది. వుడ్రో మాత్రం ఒక్కటే.

ఇదంతా చదువుతుంటే మనకి ఎక్కడో విన్నట్టుంది కదా. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని ఉషేగావ్, కేస్లాగూడ ఊళ్ళలో ఓజ కళాకారులు చేసే పని పునాది ఇదే. లోపల మట్టి ముద్ద, దాని మీద తేనెమైనం తీగలతో నగిషీ, పైన మళ్ళీ మట్టి. కాలిస్తే మైనం కారిపోతుంది, ఆ ఖాళీలోకి ఇత్తడి పోస్తారు. రాజ్‌గోండుల దేవతామూర్తులు, గంటలు, నగలు తరాలుగా వాళ్ళ చేతుల మీదుగానే వచ్చాయి. ఈ పోత పని పేరు డోక్రా. 2018లో ఆదిలాబాద్ డోక్రాకి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు దక్కింది. అక్కడా అచ్చు పగలగొట్టాల్సిందే, అక్కడా రెండు బొమ్మలు అచ్చంగా ఒకేలా రావు. సంస్కృత శిల్పశాస్త్రంలో దీని పేరు మధూచ్ఛిష్ట విధానం. మధూచ్ఛిష్టమంటే తేనె తీశాక మిగిలిన ఎంగిలి, అంటే మైనం. మొహంజోదారో నాట్యకత్తె బొమ్మ కూడా ఈ దారిలో పుట్టిందే. వాలా వాలాకీ ఉషేగావ్‌కీ సంబంధం ఉందని నేను అనడం లేదు. కానీ ఒక వస్తువు శాశ్వతంగా నిలవాలంటే దాని అసలు రూపం ముందు కొలిమిలో మాయం కావాలన్న ఎరుక రెండుచోట్లా ఉంది. మనవాళ్ళకి మైనం, ఆవిడకి వాగు ఒడ్డున దొరికిన కర్ర.

ఇక్కడి నుంచి ఆధ్యాత్మికత మాట ఎత్తొచ్చు. ఆ మాట తేలిగ్గా వాడేస్తారు, అందుకే నాకు కొంచెం భయం. గుర్రం కొమ్మల మధ్య ఖాళీ చూసి ‘శూన్యం’ అనేస్తే సరిపోతుందా? సరిపోదు. నాకు అర్థమైనంతలో అది మూడు చోట్ల కనిపిస్తుంది, మూడూ ర్యాంచ్ పనిలోంచి వచ్చినవే.

మొదటిది, కదలిక లేకపోవడం. ఈ గుర్రాలు దూకవు, ముందు కాళ్ళెత్తవు, జూలు ఎగరేయవు. నిలబడి ఉంటాయి, లేదా పడుకుని ఉంటాయి. నిజం గుర్రం కదిలినంత అందంగా శిల్పం ఎలాగూ కదల్లేదు కాబట్టి, కదలికని తాను ఒంటి లోపల పెట్టాలనుకున్నానని ఆవిడ చెప్పుకున్నారు. ఆ మాట ఆవిడ స్వారీలోంచి వచ్చిందని నాకు అనిపిస్తుంది. ఆవిడ ఏళ్ళ తరబడి డ్రెస్సాజ్ స్వారీ నేర్చుకున్నారు. అందులో రౌతు కొరడా ఝళిపించడు, అరవడు. కూర్చున్నచోటే బరువుని కొద్దిగా అటు జరిపితే, పిక్కతో చిన్నగా నొక్కితే గుర్రానికి తెలుస్తుంది. గుర్రం చెవి తిప్పితే మనిషికి తెలుస్తుంది. బయటివాడికి ఇద్దరూ ఏమీ చెయ్యనట్టే ఉంటుంది. శిల్పంలో కూడా అంతే. మెడ ఒక వేలెడు పక్కకి తిరిగి ఉంటుంది, మనకి మాత్రం ఆ గుర్రం ఏదో వింటోందని తెలిసిపోతుంది. కళ్ళు లేవు, చెవుల దగ్గర విరిగిన పుల్లలున్నాయి, అయినా తెలిసిపోతుంది.

రెండోది పడుకున్న గుర్రాలు. గుర్రం నిలబడే కునుకు తీస్తుంది, దాని కాళ్ళ కీళ్ళు అందుకు వీలుగా బిగుసుకుంటాయి. కానీ గాఢనిద్ర పట్టాలంటే పడుకోవాల్సిందే. రోజుకి అరగంటో గంటో. అది పరిగెత్తి బతికే జంతువు, పడుకున్నప్పుడు పరిగెత్తలేదు. అందుకే చుట్టూ భయం లేదని నమ్మకం కుదిరితేనే పడుకుంటుంది, మందలో ఇంకోటి నిలబడి కాపలా కాస్తుంది. గుర్రాలు పెంచేవాడికి తన ఎదురుగా గుర్రం పడుకుందంటే అది మాటల్లో చెప్పలేని మర్యాద. మ్యూజియంలో ఆ పడుకున్న గుర్రం పక్కగా నడిచేవాళ్ళు వాళ్ళకి తెలియకుండానే అడుగు నెమ్మదిగా వేస్తారు. నాకు తెలిసిన భక్తి ఇలాంటిదే.

మూడోది ఖాళీ. ఆ ఖాళీలోకి మనం వెళ్ళి ఉండాలని, గుర్రం ఒంట్లో మనల్ని ఊహించుకోవాలని ఆవిడ కోరిక. అందుకే డొక్క మూసెయ్యరు. 2023లో డేవిస్‌లో, తాను చదువుకున్న చోటే, ఆవిడ శిల్పాలతో పెద్ద ప్రదర్శన పెట్టారు. దాని పేరు మన భాషలో చెప్పాలంటే, ‘తా.క. ఇవి గుర్రాలు కావు.’ యాభై ఏళ్ళు గుర్రం తప్ప ఇంకోటి దాదాపు చెయ్యని మనిషి ప్రదర్శనకి ఆ పేరు. నిజంగానే అవి గుర్రాలు కావు. ఒక కొమ్మ బదులు ఇంకో కొమ్మ పెడితే ఈ గుర్రం ఎవరవుతుంది, ఈ చెట్టులో పుట్టిన వంపుకి ఏ స్వభావం ఉంది అని యాభై ఏళ్ళుగా అడుగుతున్న ఒకే ప్రశ్న అవి.

మోంటానా కళ అనగానే అక్కడివాళ్ళకి గుర్తొచ్చే పేరు చార్లెస్ రసెల్. కౌబాయ్‌గా పనిచేసి, ఆ జీవితాన్నే బొమ్మలుగా వేసినవాడు. గ్రేట్ ఫాల్స్‌లో ఆయన పేరిట మ్యూజియం ఉంది. రసెల్ మీద నాకు గౌరవమే. కానీ బటర్‌ఫీల్డ్‌ని ఆ వరసలో ‘పడమటి ర్యాంచ్ కళ’ అని కట్టిపెడితే తప్పు. రసెల్, రెమింగ్టన్‌ల గుర్రాల్లో కథ ఉంటుంది: వెంటాడటం, లొంగదీయడం, పడిపోవడం. ర్యాంచ్ అంటే సాహసమని పట్నవాసికి చెప్పే కథ అది. ర్యాంచ్‌లో ఉండేవాళ్ళకి తెలిసిన నిజం వేరు, రోజులో ఎక్కువ భాగం గుర్రం ఏమీ చెయ్యదు. నిలబడి ఉంటుంది. దాన్ని అలా చూస్తూ నిలబడటం కూడా పనిలో భాగమే, కాలు ఈడుస్తోందా, మేత తగ్గించిందా అన్నది అప్పుడే తెలుస్తుంది. బటర్‌ఫీల్డ్ శిల్పం చేసింది ఆ చూపుని.

హవాయి కూడా ఈ కథలో ఊరికే రాలేదు. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ అమెరికన్ ఆర్ట్ మ్యూజియంలో ‘మోనెకానా’ అనే కంచు గుర్రం ఉంది, 2001 నాటిది. మోనెకానా అంటే హవాయి భాషలో మోంటానా. ఒక నేల పేరు ఇంకో నేల నాలుక మీద. ఆవిడ అక్కడ దొరికే ఓహియా కర్రని కూడా గుర్రాలకి వాడారు. లావా గట్టిపడిన రాతి మీద ముందుగా లేచే చెట్టు అది. హవాయి ప్రజలకి అది ‘పేలే’ అనే అగ్నిపర్వత దేవత చెట్టు. నిప్పులోంచి లేచిన చెట్టుని తిరిగి నిప్పులో పెట్టి గుర్రం తియ్యడం గురించి ఆలోచిస్తే, ఆ ఫౌండ్రీ కొలిమి నాకు వట్టి యంత్రంలా అనిపించదు.

2016లో ఆవిడ చేసిన ఒక గుర్రంతో ఆపుతాను. దాని పేరు ‘మూడు దుఃఖాలు’. 2011లో జపాన్‌లో వచ్చిన భూకంపం, సునామీ, అణు విద్యుత్ కేంద్రం కరిగిపోవడం, ఆ మూడూ. సునామీ ఈడ్చుకెళ్ళిన సామాను ఏళ్ళ తరబడి పసిఫిక్ మీద తేలుతూ అలాస్కా తీరాలకి చేరింది. ఆ తీరాల్లో పోగుపడ్డ చెత్తలోంచి ఏరినవాటితో ఈ గుర్రం తయారైంది. ఇందులో కంచు ఉంది, దాని పక్కనే సముద్రపు చెత్త చెత్తగానే ఉంది. వాగు కర్రని కాల్చి కంచు చేసినట్టు దీన్ని మొత్తంగా మార్చెయ్యలేదు. ఏ ఇంటివాళ్ళు ఏ వస్తువుని ఏ చేత్తో పట్టుకున్నారో మనకి తెలియదు. అలలకి అంచులు అరిగిపోయి, ఉప్పుకి రంగు వెలిసిపోయి, అవి ఇప్పుడు ఒక గుర్రం పక్కటెముకల మధ్య ఉన్నాయి.